నీటిమట్టం మీద నడిచిన దారులు

మా వైపు రైలు, రోడ్డు, కాలువ చాలాదూరం ఒకదాని పక్కన ఒకటి పోతాయి. ఇల్లు ఏలూరులో, చదువు తాడేపల్లిగూడెంలో కాబట్టి దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు, బాదంపూడి స్టేషన్లు నాకు ఎక్కాల్లా నోటికి వచ్చేశాయి. ఎం.టెక్‌లో నేను తీసుకున్నది నీటి వనరులు. అందుకేనేమో, కిటికీ దగ్గర చోటు దొరికితే ముందు కాలువ వంకే చూస్తాను.

బోగీలో మిగతావాళ్ళ కళ్ళు ఫోన్ల మీద ఉంటాయి. రైలు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే యాప్ లేకుండా ఇప్పుడు మా దారిలో ఎవరూ కదలరు. ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది. ఫోను ఏ సెల్ టవరుకు తగులుతోందో చూసి, ఆ టవరు పట్టాల వెంట ఎక్కడుందో లెక్కగట్టి, మనం పూళ్ళ దాటామో లేదో చెప్పేస్తుంది. ఎంత చక్కటి ఆలోచన! పొలాల మధ్య నిలబడిన ఇనుప స్తంభాలే మైలురాళ్ళయ్యాయి. ఆ యాప్‌కు తెలియనిది ఒక్కటే: ఎత్తు. మా నేల మీద ప్రయాణాల చరిత్రంతా నడిపించింది మాత్రం ఆ ఎత్తే.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా మరో ఆనకట్ట లేచింది. అక్కడి నీళ్ళు ఒక కాలువలో, విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు ఇంకో కాలువలో పారి, రెండూ ఏలూరుకే చేరతాయి. మా ఊరు పల్లం. కిందికి దిగితే కొల్లేరు. గోదావరి నుంచి కృష్ణకు పడవలో పోయేవాడికి ఏలూరు దాకా నీటివాలు, అక్కణ్ణించి బెజవాడ దాకా ఎదురు నీళ్ళు. తిరుగు ప్రయాణంలోనూ అంతే: ఏలూరు చేరేదాకా సుఖం, దాటాక కష్టం. ఎటునుంచి వచ్చినా మా ఊరు వచ్చేసరికి పడవవాడు కాస్త ఊపిరి పీల్చుకునేవాడన్నమాట. ఏలూరు వాడిగా ఈ సంగతి నాకు మహా ఇష్టం.

మా తాతయ్య వాళ్ళ నాన్నగారు ఈ కాలువ మీద ధాన్యం పడవలు లాగారు. తాతయ్య చిన్నప్పుడు గట్టు మీద ఆయన వెనకే నడిచేవారట. "గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళురా. లేకపోతే మోకు భుజానేసుకుని గట్టెమ్మట నడవడమే. లోపల ఒకడు గెడ పట్టుకుని, పడవ గట్టుకు కొట్టుకోకుండా తోస్తూ ఉండేవాడు" అన్నారు. "మరి వేసంగిలోనో తాతయ్యా?" అంటే, "వేసంగిలో కాలువ కట్టేస్తారు కదరా! పడవ రేవులో, మేం ఇంట్లో" అని నవ్వారు. మరమ్మతుల కోసం ఏటా కాలువలు కట్టేయడం ఇప్పటికీ ఉంది. అప్పట్లో దాంతో పాటు దారి కూడా మూతపడేది. ఒక రోడ్డుకు ఏటా సెలవులు ఉంటే పెళ్ళిళ్ళూ బేరాలూ ఎలా సర్దుకునేవాళ్ళో ఊహించండి.

ఈ దారికి ప్రాణం లాకులు. కాలువ వాలుగా పారుతుంటే నీటి వేగం పెరిగి గట్లు కోసుకుపోతాయి. అందుకని మెట్లు మెట్లుగా దింపారు. మెట్టు దగ్గర పడవ దూకలేదు, ఎక్కలేదు. అక్కడ రెండు జతల తలుపులతో నీటి గది కట్టారు. పైకి పోవలసిన పడవ కింది తలుపుల్లోంచి గదిలోకి వస్తుంది. ఆ తలుపులు మూసి, పైవైపు షట్టర్లు లేపితే నీళ్ళు గదిలోకి చేరి, ధాన్యం బస్తాలతో సహా పడవను ఎగువ మట్టానికి ఎత్తుతాయి. అప్పుడు పై తలుపులు తెరుస్తారు. ఆ తలుపులు నీరొచ్చే వైపుకు కోణంగా కలుస్తాయి. నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఇంజిను లేదు, నూనె లేదు, కరెంటు లేదు. టన్నుల బరువును నీళ్ళే ఎత్తి, నీళ్ళే దించుతాయి. తరగతిలో ఎన్ని పంపులూ టర్బైన్లూ చదివినా, నాకు ఇంతకన్నా అందమైన యంత్రం తగలలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఈ కాలువలను సాగుకు మాత్రమే తవ్వించలేదు. సరుకు రవాణాకు రైలుకన్నా నీటిదారే చవక అని ఆయన జీవితాంతం వాదించారు. బకింగ్‌హాం కాలువ కూడా కలిశాక కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలోనే పోయేందుకు వీలైంది. ఆయన లెక్క తప్పని నేననుకోను. కానీ మనుషులు కోరుకున్నది వేగం. 1893లో మా దారిలో రైలు వచ్చింది. 1900లో హేవలాక్ వంతెన తెరిచేదాకా గోదావరి దగ్గర రైలు దిగి పడవెక్కి అవతలి ఒడ్డు చేరాల్సిందే.

రైలుతో పాటు నిమిషం కూడా వచ్చింది. మోకు లాగే మనిషికి పొద్దు చాలు. స్టేషను గడియారం మాత్రం మద్రాసు కాలం చూపేది. 1906లో దేశానికంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చినప్పుడు అది తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగింది. రేఖాంశాలతో లెక్క వేసి చూశాను: ఏలూరు సూర్యుడు ఆ రెంటికీ నడుమ ఉంటాడు. మద్రాసు కాలానికి మూడు నిమిషాల పైచిలుకు ముందు, ఇప్పటి కాలానికి ఐదు నిమిషాల పైచిలుకు వెనక.

కాలువ దాటి కొల్లేట్లోకి దిగితే ఇంకా పాత సాంకేతికత కనిపిస్తుంది, తాటి దోనె. తాటిమానుకు పైచుట్టు గట్టి చేవ, లోపల మెత్తటి పీచు. లోపలిది తొలిచేస్తే సగం పడవ అయిపోయినట్టే. మోకాలి లోతు నీళ్ళలో, నాచులో, కిక్కిసలో అది పోయే చోటికి ఇంజిను పడవ పోలేదు.

ఆ దోనె తోసే మనిషే మాటల మధ్యలో "ఐదో కాంటూరు" అంటాడు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత అది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఆ గీతే హద్దయింది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సర్వేయరు కాగితం మీద ఉండాల్సిన గీత లంక గ్రామాల్లో అరుగుల మీద చర్చకొచ్చింది. ఎవరి చెరువు ఉంటుంది, ఎవరిది పోతుంది అన్నది అడుగు ఎత్తు తేల్చేస్తే, దాన్ని కంఠతా పట్టక ఏం చేస్తారు?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకు నీళ్ళొచ్చి రాకపోకలు ఆగాయి. కొల్లేటి నీళ్ళకు సముద్రం దారి ఉప్పుటేరు ఒక్కటే, అరవై కిలోమీటర్ల మెలికల దారి. పైన వాన ఆగినా ఇక్కడ నీళ్ళు వెంటనే దిగవు. ఆ రోజుల్లో మా చుట్టాలను ఫోనులో అడిగింది ఒకటే మాట: ఆ రోడ్డు మీది చినఎడ్లగాడి దగ్గర నీళ్ళు ఎంతున్నాయి? మ్యాపులో చూస్తే దూరం తెలుస్తుంది, ఎత్తు తెలియదు. నా ప్రాజెక్టుకు ఆ ప్రశ్నే తీసుకున్నాను. రోడ్డు ఎక్కడ ఎన్నడుగుల ఎత్తున ఉందో ముందే కొలిచిపెట్టి, ఆ దారిలోని వంతెన దగ్గర నీటిమట్టాన్ని గంట గంటకూ దానితో పోల్చి, బస్సు పోతుందో పోదో ఫోనుకు పంపాలి. టవర్లు ఎలాగూ ఉన్నాయి. కావలసింది వంతెన స్తంభానికి ఒక కొలబద్ద, దాన్ని చదివే చిన్న సెన్సరు. కొలబద్ద ఏ ఎత్తు నుంచి మొదలవ్వాలో తాతయ్యను అడిగితే, పాత వరద గుర్తులు ఏ ఇంటి గోడల మీద ఉన్నాయో ఆయన చెబుతున్నారు. నేను రాసుకుంటున్నాను.