పటిక, చిల్లగింజ, నల్లగొండ విధానం: విద్యుదావేశ కణాల మధ్య బలాల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వానాకాలపు చెరువు నీటిలోని బంకమట్టి రోజుల తరబడి అడుగుకు దిగదు. అందులో పటిక తిప్పినా, కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసినా నీరు తేటపడుతుంది. ఫలితం ఒకటే అయినా కారణాలు వేరు. చెరువులపై ఆధారపడిన జనగామ వంటి మెట్ట ప్రాంతాల నీటి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ భేదం కీలకం.

2. సిద్ధాంత పరిణామం

1861లో థామస్ గ్రాహం 'కొల్లాయిడ్' అనే పేరును ప్రవేశపెట్టాడు. స్కందనం కలిగించే అయాన్ ఆవేశం పెరిగేకొద్దీ అవసరమైన లవణ పరిమాణం వేగంగా తగ్గుతుందని షుల్జ్ (1882), హార్డీ (1900) నిరూపించారు. ఆవేశిత తలం చుట్టూ వ్యతిరేక అయాన్లు మేఘంలా పరచుకొని ఉంటాయని గూయి (1910), చాప్‌మన్ (1913) వివరించారు. అంటే రెండు కణాల మధ్య పనిచేసేది కేవలం కూలుమ్ వికర్షణ కాదు. నడుమనున్న నీరు, లవణాలు కలిసి నిర్ణయించే ఫలిత బలం. డెర్జాగిన్, లాండౌ (1941), వెర్వే, ఓవర్‌బీక్ (1948) ఈ వికర్షణకు వాన్‌డర్ వాల్ ఆకర్షణను జోడించారు. లవణం పెరిగితే వికర్షణ పరిధి కుంచించుకుపోతుంది. ఆకర్షణదే పైచేయి అవుతుంది. ఇదే డి.ఎల్.వి.ఓ. సిద్ధాంతం.

3. పటిక, చిల్లగింజల భేదం

బంకమట్టి కణాలు ఋణావేశితాలు. పటిక నుండి వెలువడే ధనావేశిత అల్యూమినియం రూపాలు ఆ ఆవేశాన్ని తటస్థీకరిస్తాయి. మోతాదు పెరిగితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవక్షేపం మట్టిని తనలో చిక్కించుకొని దిగుతుంది. సుశ్రుత సంహిత, మనుస్మృతి 'కతకం'గా పేర్కొన్న చిల్లగింజ సారం మాత్రం మట్టి వలెనే ఋణావేశితం. కనుక ఆవేశ తటస్థీకరణ ఇక్కడ చాలిన వివరణ కాదు. దాని పొడవైన అణుశృంఖలాలు ఒకటికి మించిన కణాలకు అంటుకొని వంతెనల వలె కలుపుతాయి. సజాతి ఆవేశాలు తప్పక దూరంగా ఉంటాయన్న సూత్రానికి, తొలినాటి డి.ఎల్.వి.ఓ. చట్రానికి గల పరిమితి ఇక్కడ స్పష్టమవుతుంది.

4. నల్లగొండ విధానం

తెలంగాణ పల్లెలు చెరువుల నుండి బోరుబావులకు మళ్లడంతో సమస్య స్వరూపమే మారింది. కంటికి కనిపించే మట్టి స్థానంలో కనిపించని ఫ్లోరైడ్ వచ్చింది. సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా అంతర్భాగంగా ఉన్న నల్లగొండ జిల్లా పేరే నాగపూర్‌లోని 'నీరి' సంస్థ 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ నివారణ విధానానికి స్థిరపడింది. ఇందులో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. ఫ్లోరైడ్ కణం కాదు, కరిగి ఉన్న అయాన్. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్ రేణువులకు పట్టుకొని వాటితోపాటు అడుగుకు చేరుతుంది. అందుకే మట్టిని దింపడానికి చాలే పటిక దీనికి చాలదు. మడ్డి అధికంగా మిగులుతుంది. శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగలకుండా ఆమ్ల-క్షార స్థితిని అదుపు చేయవలసి ఉంటుంది.

5. ముగింపు

చిల్లగింజ వాడుకలో ఆధునిక సిద్ధాంతాన్ని దర్శించడం చారిత్రకంగా నిలవదు. దానిని మూఢాచారంగా తోసిపుచ్చడమూ అంతే. ఆచరణ ముందు నడిచింది, వివరణ తరువాత వచ్చింది. అయితే ఆ ఆచరణకు కొలమానం తేటదనం. ఫ్లోరైడ్ విషయంలో ఆ కొలమానమే చెల్లదు: తేట నీరంతా మంచినీరు కాదు. నీటి శుద్ధి చరిత్రలో పద్ధతులతోపాటు వాటి కొలమానాలనూ పరిశీలించవలసిన ఆవశ్యకతను ఈ ఉదాహరణ తెలియజేస్తున్నది.