రౌతు చేయి, గుర్రం నోరు: అశ్వశిక్షణ చరిత్రకు తెలుగు పలుకుబడి సాక్ష్యం

అధికారం పొందినవాడు ‘పగ్గాలు చేపట్టాడు’ అంటారు. అదుపు తప్పినదానికి ‘కళ్ళెం వేయాలి’ అంటారు. నేటి తెలుగులో ఈ రెండు పలుకుబడులూ అధికారాన్ని, నిరోధాన్ని మాత్రమే సూచిస్తున్నాయి. అశ్వవిద్యలో మాత్రం కళ్ళెం కేవలం నిరోధసాధనం కాదు. రౌతు చేతికీ గుర్రం నోటికీ మధ్య సంజ్ఞలను చేరవేసే సాధనం. ఈ రెండో అర్థం తెలుగు పలుకుబడిలో ఎంతవరకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోటలతో శతాబ్దాలపాటు అశ్వికదళాలను చూసిన అనంతపురం కరవు పీఠభూమి ఇందుకు తగిన నేపథ్యం.

గుర్రపు దాణాగా పేరొందిన ఉలవ ఈ మెట్టనేలల్లో పండుతుంది. మేలుజాతి గుర్రం మాత్రం సముద్రం దాటి రావలసిందే. 13వ శతాబ్ది చివర తమిళ తీరాన్ని వర్ణించిన మార్కో పోలో, దిగుమతైన గుర్రాలు అధికంగా చనిపోవడానికి వాటి సంరక్షణ తెలియకపోవడమే కారణమన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని 16వ శతాబ్దికి చెందిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అంతకుముందు సాళువ నరసింహుడు వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొనేవాడనీ, ఓడలో చచ్చిన గుర్రం తోక చూపినా సొమ్ము చెల్లించేవాడనీ ఆయనే చెప్పాడు. దూరద్వీపాల అశ్వవర్తకులను ఆదరించాలని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం బోధిస్తుంది. 1565 తర్వాత పెనుకొండ రాజధాని అయినప్పుడు ఈ అశ్వావసరం కూడా ఈ పీఠభూమికే తరలింది. అయితే కొనుగోలుకు దొరికేది గుర్రమే. దాన్ని రౌతుకు అనువుగా మలచడం స్థానికుల నేర్పుపై ఆధారపడిన పని. ఆ నేర్పుకు సమాజమిచ్చిన గౌరవం ‘సాహిణి’ అనే బిరుదులో కనిపిస్తుంది. అశ్వాధ్యక్షుడని దీని అర్థం. 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుని కింద వల్లూరు కేంద్రంగా పాలించిన కాయస్థ గంగయ సాహిణి పేరులో ఉన్నది ఈ పదమే.

ఆ నేర్పు స్వరూపాన్ని గుర్రం దేహధర్మమే వివరిస్తుంది. వీపుపై తొలిసారి బరువు పడిన లేతగుర్రం తల పైకెత్తుతుంది, వెన్ను కుంగదీస్తుంది, అడుగులు బిగుసుకుంటాయి. అప్పుడు వాగె లాగితే అదీ ఎదురు లాగుతుంది. కనుక శిక్షకుడు మొదట పొడవాటి తాటిపై దాన్ని వలయంగా నడిపించి, మెడను ముందుకూ కిందికీ చాచనిస్తాడు. మెడ చాచినకొద్దీ వెన్ను లేస్తుంది, అడుగు సాగుతుంది. ఆ తర్వాతే గుర్రం తానుగా కళ్ళేన్ని వెతుక్కుంటూ వస్తుంది. చేయి ఆ నోటి కదలికను అనుసరిస్తూ తేలికగా, తెంపు లేకుండా ఉండాలి. గుర్రం లొంగిన క్షణంలోనే చేయి కూడా సడలాలి. ఆ సడలింపే దానికి బహుమానం, దానికి అర్థమయ్యే పాఠం. జర్మన్ స్వారీవిద్య కూడా లయ, సడలిక అనే మెట్ల తర్వాతే వాగె స్పర్శను చెబుతుంది.

ఈ అవగాహన ప్రాచీనమైనది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో గ్రీకు రచయిత జెనఫన్, నోటిని నొప్పించకుండా చేయి సడలిస్తే గుర్రం తానుగా మెడను సొంపుగా నిలుపుతుందని చెప్పాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం అశ్వాధ్యక్ష ప్రకరణంలో గుర్రాలను తీక్ష్ణ, భద్ర, మంద స్వభావాలుగా విభజించి, స్వభావాన్ని బట్టి పని అప్పగించమంటుంది. అక్కడే పేర్కొన్న నారోష్ట్రమంటే సంజ్ఞకు ప్రతిస్పందించడం. కళ్ళేనికి సంస్కృత పర్యాయమైన ఖలీనశబ్దం గ్రీకు ‘ఖలినోస్’ నుంచి వచ్చిందని భాషావేత్తలు భావిస్తారు. అంటే గుర్రంతోపాటు దాని పరిభాష కూడా ప్రయాణించింది.

తెలుగు ఈ పరిభాషను పొరలు పొరలుగా గ్రహించింది. సంస్కృత ‘వల్గా’ ప్రాకృతం మీదుగా ‘వాగె’ అయింది. ‘రాజపుత్ర’ శబ్దం ‘రౌతు’గా మారింది. 1776లో హైదరలీకి లొంగేవరకు గుత్తి మరాఠా సేనాని మురారిరావు అశ్వికదళానికి స్థావరం. అటువంటి దళాల కాలపు తెలుగులో జీను, సవారి, చాబుకు, లగాము వంటి పారసీక మూలపదాలు వినిపిస్తాయి. గుర్రాల విహారభూమిని చెప్పిన ‘వాహ్యాళి’ నేడు మనిషి షికారు. గుర్రపు నడకకు చెల్లిన ‘కదం తొక్కడం’ నేడు ఊరేగింపులకు చెల్లుతోంది.

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది’ అనే సామెత పైవాదానికి విరుద్ధంగా తోచవచ్చు. కాఠిన్యమే శిక్షణ అని దీన్ని అన్వయించడం పరిపాటి. కాని వదులుగా వేలాడే వాగె గుర్రానికి ఏ కబురూ చేర్చదు. దానికి నిలకడ దొరకదు, అడుగు లయ తప్పుతుంది. సామెత నిందించేది ఈ నిశ్చయలేమినే గాని తేలికైన చేతిని కాదు. బిగించి లాగిన వాగె కూడా అదే లయభంగానికి దారితీస్తుంది. రెండింటికీ నడిమి స్థితికి ‘ఆనిక’ అనే తెలుగు పదం సరిపోతుంది. ఆనడంలో తాకడమూ ఉంది, నమ్మి ఒరగడమూ ఉంది.

మనుమంచిభట్టు హయలక్షణవిలాసము తెలుగులో అశ్వశాస్త్రానికి పద్యరూపమిచ్చింది. అయినా శాస్త్రగ్రంథాల దృష్టి ఎక్కువగా సుడులు, వన్నెలు, శుభాశుభాల వంటి కంటికి కనిపించే లక్షణాలపై నిలిచింది. చేతి విద్య లాయాల్లో నోటిమాటగా సాగింది. లాయాలు పోయాక ఆ మాటలకు మిగిలిన ఆశ్రయం సామెతలు, పలుకుబడులే. వాటిని లక్ష్యప్రయోజనం తెలియకుండా అన్వయిస్తే, ‘కళ్ళెం’ అణచివేతకు మారుపేరుగానే మిగులుతుంది; పూర్వకావ్యాల్లోని అశ్వవర్ణనలు అలంకారాలుగానే కనిపిస్తాయి. వృత్తిజ్ఞానంతో కలిపి చదివినప్పుడు మాత్రమే ఆ పదాల వెనుకనున్న చేయి కనిపిస్తుంది.