గాయపడిన గోల్డ్‌ఫిష్ సంరక్షణ

పొలుసులు ఊడడం, రెక్కలు చిరగడం, కన్ను దెబ్బతినడం అక్వేరియం గోల్డ్‌ఫిష్‌లకు తరచు తగిలే గాయాలు. వలతో పట్టేటప్పుడు, మొనదేలిన రాళ్లకు ఒరుసుకున్నప్పుడు, ఫిల్టర్ నీరు పీల్చే గొట్టానికి అతుక్కుపోయినప్పుడు ఇవి తగులుతాయి. జతకట్టే కాలంలో మగచేపలు ఆడచేపను గంటల తరబడి తరుముతూ పొలుసులు రాలగొడతాయి. టైగర్ బార్బ్‌లతో కలిపి ఉంచితే పొడవాటి తోకలు దక్కవు. ఈ గాయాల్లో చాలావాటిని చేప తనంతట తానే మాన్పుకుంటుంది. అందుకు వీలుగా నీళ్లను ఉంచడమే పెంచేవారి అసలు పని. మందు ఆ తర్వాతి మాట.

చేప చర్మం పైపొర మన చర్మంలా మృతకణాలతో గట్టిపడి ఉండదు. జిగురు కింద ఉండేవి సజీవ కణాలే. గాయం కాగానే అంచుల్లోని కణాలు జరిగివచ్చి, చిన్న గాయమైతే కొన్ని గంటల్లోనే దాన్ని పలుచగా కప్పేస్తాయి. ఈలోపు ఇన్‌ఫెక్షన్ భయం ఎలాగూ ఉంటుంది. దానితోపాటు పైకి కనిపించని మరో నష్టం జరుగుతుంది. మంచినీటి చేప ఒంట్లోని లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎక్కువ. అందువల్ల చర్మం తెగిన చోట నీరు లోపలికి చేరుతుంది, లవణాలు బయటికి పోతాయి. ఆ అదనపు నీటిని తోడిపోసే భారం మూత్రపిండాల మీద పడుతుంది. నీటిలో కొద్దిగా ఉప్పు కలిపితే ఈ తేడా తగ్గి చేపకు ఊరట దొరుకుతుంది.

లీటరుకు 1 నుంచి 3 గ్రాముల కల్లుప్పు సరిపోతుంది. దాన్ని మగ్గు నీళ్లలో కరిగించి, రోజంతా కొంచెం కొంచెంగా పోయాలి. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. కాబట్టి ఆవిరైన మేరకు ఉత్త నీళ్లే పోయాలి. తీసి మార్చిన నీటికి మాత్రమే లెక్కకట్టి ఉప్పు వేయాలి. చాలా నీటిమొక్కలు ఉప్పుకు చచ్చిపోతాయి గనుక ఈ చికిత్స వేరే తొట్టిలో చేయడమే మేలు.

ఆ తొట్టిలో ఇసుక, రాళ్లు అక్కర్లేదు. నక్కడానికి నున్నటి గొట్టం ముక్క, మసక వెలుతురు, గాలి పంపు ఉంటే చాలు. స్పాంజ్ ఫిల్టర్‌ను మాత్రం పాత తొట్టి నుంచే తేవాలి. అమ్మోనియాను, నైట్రైట్‌ను మార్చివేసే బాక్టీరియా అందులోనే ఉంటుంది. గోల్డ్‌ఫిష్ వ్యర్థాలు ఎక్కువగా విడుస్తుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా రోజూ నాలుగోవంతు నీరు మార్చాలి. కుళాయి నీటిని రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోవచ్చు గానీ క్లోరమైన్ పోదు, డీక్లోరినేటర్ వేయాల్సిందే. చేపను వలతో కాకుండా గిన్నెతో నీళ్లతో సహా ఎత్తాలి. చేపలకు నొప్పి తెలియదు గనుక ఇంత జాగ్రత్త అక్కర్లేదన్న నమ్మకం ఇంకా ఉంది. అయితే 2003లో పరిశోధకురాలు లిన్ స్నెడ్డన్, ఆమె సహచరులు రెయిన్‌బో ట్రౌట్ తలభాగంలో నొప్పి కలిగించే ప్రేరణలను పసిగట్టే నాడీ గ్రాహకాలను గుర్తించారు.

మేత కొద్దిగా, తాజాగా ఉండాలి. చేపలు చాలావరకు విటమిన్ సి తయారుచేసుకోలేవు. గాయం పూడ్చే కొలాజెన్‌కు అది అవసరం. మూత తీసి నెలల తరబడి ఉంచిన మేతలో అది తగ్గిపోతుంది.

మానుతున్న గాయాన్ని చూసి కంగారుపడేవారు ఎక్కువ. బంగారు రంగు ఒంటిమీద, గాయం చుట్టూ మసి పూసినట్టు నల్లమచ్చ వస్తుంది. గోల్డ్‌ఫిష్‌లో అది తరచు చర్మం మానుతోందనడానికి గుర్తు, తర్వాత మెల్లగా వెలిసిపోతుంది. చిరిగిన తోక అంచున గాజులాంటి పారదర్శకమైన సన్నని పొర కనిపిస్తే అది కొత్తగా పెరుగుతున్న రెక్క. రెక్క మొదలు దెబ్బతినకపోతే తిరిగి పెరుగుతుంది. అంచు ఎర్రబడి, పీలికలై, రోజురోజుకూ తరుగుతుంటే మాత్రం కుళ్లు మొదలైనట్టే.

దూదిపింజ లాంటి తెల్లని నూగు సాప్రోలెగ్నియా అనే నీటి బూజు కావచ్చు. దీనికి మిథైలీన్ బ్లూ వాడతారు. అది ఫిల్టర్‌లోని బాక్టీరియాను కూడా చంపుతుంది కనుక, వాడినన్నాళ్లూ ఫిల్టర్ తీసేసి గాలి పంపు నడపాలి. పుండు లోతుగా ఎర్రబడినా, పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కినా పశువైద్యుణ్ణి సంప్రదించాలి. తోచిన యాంటీబయాటిక్ వేయడం హానికరం, దానికి లొంగని బాక్టీరియా పెరుగుతుంది. త్వరగా మానుతుందని నీటిని బాగా వేడిచేయడం కూడా తప్పే. కొలమ్నారిస్ బాక్టీరియా వేడినీటిలో మరింత ఉధృతమవుతుంది. గోల్డ్‌ఫిష్‌కు 20–24 డిగ్రీల సెల్సియస్ చాలు.

గాయం పూడాక నీరు మారుస్తూ ఉప్పును క్రమంగా తగ్గించి, చేపను పాత తొట్టిలోకి పంపాలి. దానికి ముందే గాయం చేసిన రాయిని తీసేయాలి, తరిమే చేపను వేరుచేయాలి, ఫిల్టర్ గొట్టానికి స్పాంజ్ తొడగాలి.