లోహ సంక్లిష్టాలు, డీఎన్ఏ, స్నిగ్ధత పరీక్ష

క్యాన్సర్ మందుగా సిస్‌ప్లాటిన్ చరిత్ర 1965లో మొదలైంది. ప్లాటినం ఎలక్ట్రోడ్ల దగ్గర పెరుగుతున్న ఇ. కోలై బాక్టీరియా విభజన ఆగిపోయి దారాల్లా సాగడం బార్నెట్ రోసెన్‌బర్గ్ గమనించాడు. 1978లో అమెరికా ప్లాటినం సంక్లిష్టమైన సిస్‌ప్లాటిన్‌ను మందుగా ఆమోదించింది. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అక్కడ ఆ అణువు చాలావరకు మారదు. క్లోరైడ్ తక్కువగా ఉండే కణంలోకి చేరాక క్లోరైడ్ స్థానంలో నీరు వస్తుంది. ఆపైన ప్లాటినం డీఎన్ఏలోని గ్వానిన్ ఏడో నైట్రోజన్‌ను పట్టుకుంటుంది.

ఈ ప్రేరణతో రాగి, నికెల్, రుథేనియం లోహాలకు షిఫ్ బేస్, థయోసెమికార్బజోన్, ఫినాంత్రోలిన్ లైగాండ్లను (లోహానికి అతుక్కునే అణువులను) జోడించి వేల సంక్లిష్టాలు తయారుచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రుథేనియం పాలిపిరిడిల్ సంక్లిష్టాల మీద విస్తృతంగా పని జరిగింది. అయితే చాలా పత్రాల్లో ఒక తొందరపాటు కనిపిస్తుంది. డీఎన్ఏ కలిపితే సంక్లిష్టం కాంతి శోషణ తగ్గిందని చూసి, అది క్షారజంటల మధ్య దూరిందని తేల్చేస్తారు. శోషణ తగ్గడానికి డీఎన్ఏ గాడిలో అతుక్కోవడం కూడా కారణం కావచ్చు.

ఈ చిక్కును విప్పిన పత్రం 1992లో 'బయోకెమిస్ట్రీ' పత్రికలో వచ్చింది. రచయితలు ఎస్. సత్యనారాయణ, డాబ్రోవియాక్, చైర్స్. క్షారజంటల మధ్య అణువు దూరితే డీఎన్ఏ పొడవు పెరగాలి, దాంతో ద్రావణం స్నిగ్ధత పెరగాలి. ఇథిడియం బ్రోమైడ్‌తో అదే జరుగుతుంది. ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రూపాలున్న ట్రిస్ ఫినాంత్రోలిన్ రుథేనియంలో మాత్రం లాంబ్డా రూపం స్నిగ్ధతను మార్చలేదు, డెల్టా రూపం తగ్గించింది. రెండూ సంప్రదాయ పద్ధతిలో దూరడం లేదని వారు తేల్చారు. ఇంత సూటిగా జవాబిచ్చే పరీక్ష ఈ రంగంలో మరొకటి అరుదని నా అభిప్రాయం.

ఈ పరీక్ష చిన్న ఊళ్లలోనూ చేయవచ్చు. ఉదాహరణకు మదనపల్లెలో 1915లో ఏర్పడిన బీసెంట్ థియోసాఫికల్ కళాశాల ఉంది. పుంగనూరులో ప్రభుత్వ డిగ్రీ కళాశాల, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇలాంటి ఊళ్లలోని రసాయనశాస్త్ర విద్యార్థులకు ఈ పరీక్ష అందుబాటులో ఉంటుంది. విస్కోమీటరు, ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే నీటి తొట్టి, స్టాప్‌వాచ్, దూడ థైమస్ డీఎన్ఏ ఉంటే ప్రయోగం నడుస్తుంది. ఓస్ట్‌వాల్డ్ విస్కోమీటరులో ప్రతిసారీ ద్రావణ ఘనపరిమాణం ఒకేలా ఉండాలి. ఉబ్బెలోడ్‌లో ఆ నిర్బంధం లేదు, సంక్లిష్టాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోవచ్చు. స్నిగ్ధతల నిష్పత్తికి ఘనమూలం తీసి, సంక్లిష్టం-డీఎన్ఏ నిష్పత్తికి ఎదురుగా గ్రాఫు గీయాలి. అదే గ్రాఫులో పోలిక కోసం ఇథిడియం బ్రోమైడ్ గీత తప్పక ఉండాలి. అది ఉత్పరివర్తన కారకం కనుక చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి.

డీఎన్ఏకు అంటుకున్నంత మాత్రాన మందు కాదు. అణువు కణపొర దాటాలి, ఆరోగ్యవంతమైన కణాలను వీలైనంత వదిలేయాలి. అందుకే కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ పరీక్షలో క్యాన్సర్ కణాలతో పాటు మామూలు కణాలనూ పెట్టాలి. కరిగించడానికి వాడే డీఎంఎస్ఓ సిస్‌ప్లాటిన్‌లోని క్లోరైడ్‌ను తొలగించి దాని శక్తిని తగ్గిస్తుంది. సిస్‌ప్లాటిన్‌ను పోలిక కోసం వాడేవారు దాన్ని ఉప్పునీటి ద్రావణంలోనే తయారుచేసుకోవాలి. లేకపోతే మన కొత్త సంక్లిష్టం సిస్‌ప్లాటిన్ కన్నా మేలైనదిగా అబద్ధపు ఫలితం వస్తుంది.