లడ్లో: మూడు స్టార్ల ఊరు

ఇవాళ్టి ఊరి పేరు లడ్లో. ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దు దగ్గర, ష్రాప్‌షైర్ కౌంటీలో ఉంటుంది. జనాభా సుమారు 10 వేలు. అంత చిన్న ఊళ్లో 2000ల మొదట్లో మూడు రెస్టారెంట్లకు మిషలిన్ స్టార్లు ఉండేవి. ఇప్పుడు ఆ మూడింట్లో ఒక్కటి కూడా అక్కడ లేదు.

అసలు ఈ ఊళ్లో బయటి తిండికి గిరాకీ ఎలా పుట్టిందో చూద్దాం. దానికి కారణం కోర్టు. వేల్స్‌నీ, సరిహద్దు జిల్లాలనీ పాలించే రాజుగారి కౌన్సిల్ లడ్లో కోటలోనే కూర్చునేది. దావాలు వేసినవాళ్లు, సాక్షులు, లాయర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. కేసు తేలేదాకా ఊళ్లోనే పడి ఉండాలి కదా, మరి తినాలి, పడుకోవాలి. ఇప్పటికీ టూరిస్టులు ఫొటోలు తీసుకునే ఫెదర్స్ హోటల్ కూడా ఆ కోర్టు లాయరు ఒకాయన ఇల్లే. నల్లటి చెక్క దూలాల మీద ఒళ్లంతా చెక్కడాలతో 1619లో కట్టించారు. సత్రంగా మారింది ఆ తర్వాతే. 1689లో కౌన్సిల్ రద్దయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సింగిల్ క్లయింట్ కంపెనీకి క్లయింట్ పోయినట్టు.

మళ్లీ కదలిక వచ్చింది 1990ల మధ్యలో. షాన్ హిల్ అనే షెఫ్ ఒక పాత ఇంట్లో మర్చంట్ హౌస్ పెట్టారు. కొన్ని టేబుళ్లే. వంటింట్లో ఆయన ఒక్కరే, బయట చూసుకునేది ఆయన భార్య. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. స్టార్ అంటే పెద్ద సిబ్బంది, పాలరాతి హాలు అనుకుంటాం కదా! తర్వాత కోట కింద, టీమ్ నది ఒడ్డున మిస్టర్ అండర్‌హిల్స్. 2000లో క్లాడ్ బోసి హైబిస్కస్, దానికైతే ఏకంగా రెండు స్టార్లు. చుట్టూ పొలాలు, గొర్రెల మందలు, కాబట్టి సరుకుకి లోటు లేదు.

కానీ ఇవన్నీ మనుషుల మీద నడిచినవి. మర్చంట్ హౌస్ 2005లో మూతపడింది. 2007లో బోసి హైబిస్కస్‌ని లండన్‌కి తీసుకెళ్లిపోయారు. అండర్‌హిల్స్ 2015లో ఆగింది. దూరాల నుంచి భోజనానికే వచ్చి, రాత్రి ఊళ్లో గది తీసుకునేవాళ్లకి ఇక ఆ కారణం లేదు.

ఊరు మాత్రం ఖాళీ అవ్వలేదండీ. ఎందుకంటే షెఫ్‌లకి పేరు రాకముందే ఇక్కడ మాంసం కొట్లు, బేకరీలు, కోట ముందు సంత ఉన్నాయి. 1995లో స్థానిక వ్యాపారులు కలిసి ఫుడ్ ఫెస్టివల్ మొదలుపెట్టారు. బ్రిటన్‌లో ఇలాంటివాటిలో ఇదే మొదటిదని చెబుతారు. కోట లోపలే జరుగుతుంది. అందులో సాసేజ్ ట్రయల్ అని ఒకటుంది: టికెట్ కొనుక్కుని, ఊళ్లోని మాంసం కొట్లవాళ్లు చేసిన సాసేజ్‌లు ఒక్కొక్కటీ రుచి చూస్తూ వీధుల్లో తిరగాలి, చివర్లో దేనికి మార్కులు ఎక్కువో జనమే వేస్తారు. దీనికి మిషలిన్ ఇన్‌స్పెక్టర్‌తో పనిలేదు.