ఒకే గ్రంథం, రెండు తీర్పులు



తెలుగు బైబిల్లో కపటులకు వాడిన మాట 'వేషధారులు'. దానికి మూలమైన గ్రీకు మాటకు కూడా రంగస్థలం మీద నటించేవాడనే అర్థం. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో యేసు ఈ మాటను దొంగలమీదో తాగుబోతులమీదో ప్రయోగించలేదు. ధర్మశాస్త్రం కంఠతా వచ్చిన శాస్త్రులమీద, పరిసయ్యులమీద ప్రయోగించాడు. పుదీనా ఆకుల్లో సైతం పదోవంతు లెక్కగట్టి దేవుడికి చెల్లించేవారు, న్యాయాన్నీ కనికరాన్నీ మాత్రం వదిలేశారని ఆయన అభియోగం.

ఇదే అభియోగం ఇరవయ్యో శతాబ్దంలో ఒక ప్రభుత్వం మీద పడింది. ఆ దేశం దక్షిణాఫ్రికా. అక్కడ పాలకుల చేతిలోనూ బైబిలే, వారిని నిలదీసినవారి చేతిలోనూ బైబిలే. ఆ కథే ఈనాటి ప్రసంగ విషయం.

మన తెలుగువారికి ఆ దేశం పూర్తిగా పరాయిది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు కూలి ఒప్పందాల మీద నేటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. 1903లో జాన్ రంగయ్య అనే బాప్టిస్టు బోధకుడు నెల్లూరు ప్రాంతం నుంచి వెళ్ళి ఆ కూలీల నడుమ తెలుగు సంఘం నెలకొల్పాడు. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. కనుక నేను చెప్పబోయే చట్టాలు మనవారి గడపల మీదా పడ్డవే.

1948 ఎన్నికల్లో నేషనల్ పార్టీ గెలిచి, డి.ఎఫ్. మలాన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన రాజకీయాల్లోకి రాకముందు డచ్ రిఫార్మ్‌డ్ సంఘంలో పాదిరి. తెల్లవారికీ ఇతరులకూ పెళ్ళిళ్ళు కూడదని 1949లో ఒక చట్టం చేశారు. ఏ జాతివారు ఏ పేటలో ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చింది. దానితో నల్లవారితో పాటు భారతీయ కుటుంబాలు కూడా తరాల తరబడి ఉన్న ఇళ్ళు వదలవలసి వచ్చింది.

ఈ ఆలోచనకు చర్చిలో పాత పునాదే ఉంది. 1857లో డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు మహాసభ ఒక తీర్మానం చేసింది. అందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఒప్పుకుంటూనే, కొందరి బలహీనత దృష్ట్యా వేరుగా ఆరాధన జరపవచ్చునన్నది. ఆనాడు బలహీనత పేరుతో ఇచ్చిన మినహాయింపు కాలక్రమేణా నియమమైంది. వందేళ్ళు తిరగకముందే అది దైవాజ్ఞ స్థాయికి ఎదిగింది.

ఎలా ఎదిగిందో చూడండి. 1933లో అచ్చయిన ఆఫ్రికాన్స్ భాషా బైబిలు అనువాదకుల్లో ముఖ్యుడు జె.డి. డు టోయిట్. 'టోటియస్' అనే కలంపేరుతో ఆయన పెద్ద కవి కూడా. 1944లో బ్లూమ్‌ఫాంటేన్‌లో జరిగిన సభలో జాతుల వేర్పాటుకు ఆయన ఆదికాండం ఆధారంగా వాదించాడు. బాబెలు గోపురం కట్టేవారి భాషను దేవుడు తారుమారు చేసి, వారిని భూమి మీద చెదరగొట్టాడు గదా, కాబట్టి జాతులను వేరుచేయడం దేవుడి పని, కలపడం మనిషి గర్వం అన్నది ఆయన వాదసారం.

దీనికి జవాబిచ్చినవారు బైబిలును పక్కన పెట్టలేదు. ఇంకొన్ని పుటలు తిప్పమన్నారు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పెంతెకొస్తు పండుగనాడు నానా దేశాలవారు ఒకచోట చేరి, ఎవరి భాషలో వారు ఒకే సందేశాన్ని విన్నారు. అక్కడ ఏ భాషా పోలేదు, ఏ మనిషీ వేరుకాలేదు. అదే గ్రంథం 17వ అధ్యాయంలో పౌలు మాట ఒకటుంది. మనుషులందరూ ఒకే మూలం నుంచి పుట్టారని, వారి నివాసాలకు దేవుడు హద్దులు ఏర్పరచాడని చెప్పే వాక్యమది. వేర్పాటువాదులు హద్దుల ముక్కనే పట్టుకున్నారు. ప్రతిపక్షులు ముందున్న ముక్కను కూడా చదవండన్నారు.

బడిపంతులుగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ తర్వాతి సంగతి. ప్రతి జాతికీ దాని భాష దేవుడిచ్చిందేనని చెప్పిన ప్రభుత్వమే, 1974లో నల్లజాతి బడుల్లో గణితం వంటి పాఠాలను ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలని ఆదేశించింది. పిల్లలు ఎదురు తిరిగారు. 1976 జూన్ 16న సొవెటోలో ఊరేగింపుగా వస్తున్న విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. రెండు భాషల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునే సరిహద్దు జిల్లాల్లో ఉన్నాం మనం. ఆ వాదంలోని వేషం మనకు వివరించనక్కర్లేదు.

నిలదీసినవారిలో బేయర్స్ నౌడే పేరు తప్పక చెప్పుకోవాలి. పాలకవర్గానికి వెన్నెముకగా ఉన్న బ్రూడర్‌బాండ్ రహస్య సంఘపు స్థాపకుల్లో ఆయన తండ్రి ఒకడు. తనూ అందులో సభ్యుడే. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యాక ఆయన మనసు నిలువలేదు. 1963లో తన సంఘాన్ని విడిచే ముందు, మనుషులకంటె దేవునికే లోబడాలన్న అపొస్తలుల మాట మీద ప్రసంగించాడు. వేదిక పోయింది, బంధుమిత్రులు దూరమయ్యారు. ఆయన నడిపిన క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్‌ను 1977లో నిషేధించారు. ఆయన మీద కూడా 7 సంవత్సరాలు ఆంక్షలు విధించారు.

ప్రభుత్వానికి మరో ఆయుధం రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయం. అధికారులకు లోబడి ఉండమని పౌలు చెప్పిన భాగమది. 1985 జూలైలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ సెప్టెంబరులో 150 మందికి పైగా క్రైస్తవులు 'కైరోస్ పత్రం' మీద సంతకాలు చేశారు. పౌలు చెప్పిన అధికారి ప్రజల మేలుకోసం నియమితుడైన సేవకుడు, అన్యాయం చేసే అధికారి గురించి ఆ అధ్యాయం మాట్లాడడం లేదు, అది కావాలంటే ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం తెరవండి అన్నారు. అక్కడ రాజ్యం క్రూరమృగం రూపంలో కనిపిస్తుంది. ఆ పత్రం చర్చి పెద్దలనూ వదల్లేదు. న్యాయం ఊసెత్తకుండా సమాధానపడండి, సమాధానపడండి అని బోధించడం కూడా అన్యాయానికి కాపు కాయడమేనన్నది.

అంతకుముందే, 1982లో, ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి కెనడాలోని ఒట్టావాలో సమావేశమై జాతివేర్పాటును వేదవిరుద్ధ బోధగా ప్రకటించింది. చివరకు 1990 నవంబరులో రుస్టెన్‌బర్గ్ సమావేశంలో డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు వేదపండితుడు విల్లీ యోంకర్ లేచి, తన తప్పునూ తన సంఘపు తప్పునూ ఒప్పుకున్నాడు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ఆ ఒప్పుకోలును అంగీకరించి క్షమించాడు. 1994 ఏప్రిల్ 27న అన్ని జాతులవారూ ఓటు వేశారు.

ఒక్క వాక్యాలతోనే ఆ రాజ్యం కూలిందని నేననను. కార్మికుల సమ్మెలు, జైలుపాలైన నాయకుల పట్టుదల, విదేశాల ఆర్థిక ఆంక్షలు, ఇవన్నీ పనిచేశాయి. అయితే దేవుడు తమ పక్షాన ఉన్నాడన్న పాలకుల ధీమాను వారి గ్రంథంతోనే కదిలించడం చిన్న విషయం కాదు. తుపాకీకి జవాబు చెప్పడానికి సిద్ధపడ్డ ప్రభుత్వం, ఆదివారం నాడు తను చదివే పుటకు జవాబు చెప్పలేకపోయింది.

ఇది ఒక్క మతానికే చెందిన సంగతి కూడా కాదు. ఏ పవిత్ర గ్రంథం పేరు చెప్పి ఎవరు మీ ముందు చెయ్యెత్తినా, ముందున్న వాక్యం ఏమిటి, వెనకున్న వాక్యం ఏమిటి అని అడగండి. ఆ వాక్యం వల్ల ఎవరి ఇల్లు నిలిచింది, ఎవరి ఇల్లు కూలింది అని కూడా అడగండి. అలా అడగడం భక్తికి లోటు కాదని బేయర్స్ నౌడే వంటివారు తమ జీవితాలతో చూపించారు.