తోటివారి మాట



మా అక్కయ్య కొడుకు లా కాలేజీలో చేరాడు. నెల తిరక్కుండానే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. "పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క అర్థం కావడం లేదు పిన్నీ. ఎవరిని అడగాలో కూడా తెలీదు" అన్నాడు. అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు వాడికి చెప్పిన కథే ఇవాళ మీకూ చెబుతాను. అది గాంధీగారి బారిష్టరు చదువు కథ.

ముందు ఆ చదువు ఎలాంటిదో తెలియాలి. లండనులో బారిష్టర్లను తయారుచేసే సంస్థలు నాలుగున్నాయి. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అని వాటి పేర్లు. పూర్వం అక్కడ ఆరితేరిన లాయర్లూ, కొత్తగా చేరిన కుర్రాళ్ళూ ఒకేచోట ఉండేవారు, ఒకే హాల్లో భోంచేసేవారు. ఉత్తుత్తి దావా ఒకటి కల్పించి కుర్రాళ్ళచేత వాదింపజేసేవారు. పెద్దలు జడ్జీల్లా కూర్చుని వినేవారు. వీటికి మూట్లు అని పేరు. మన ఇళ్ళల్లో పెద్దపిల్ల చిన్నపిల్లకు ముగ్గు నేర్పినట్టే, చదువు పక్కవాడి నుంచి పక్కవాడికి వచ్చేదన్నమాట.

1642లో ఇంగ్లండులో అంతర్యుద్ధం వచ్చింది. ఆ గొడవల్లో ఈ పాఠాలన్నీ చెదిరిపోయి, తర్వాత మునుపటిలా కుదురుకోలేదు. చిత్రమేమిటంటే, చదువు పోయింది కానీ భోజనాలు మిగిలాయి! గాంధీగారు వెళ్ళేనాటికి బారిష్టరు కావడానికి కావలసినవి రెండే. పరీక్షలు ప్యాసవాలి, పన్నెండు టర్ములు, అంటే సుమారు మూడేళ్ళు, హాజరు ఉండాలి. హాజరు అంటే క్లాసులో కాదు, టర్ముకు కనీసం ఆరు విందుల్లో!

1888 సెప్టెంబరు 4న గాంధీగారు బొంబాయిలో ఓడెక్కారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు నిండలేదు. ఎవరితోనైనా ఇంగ్లీషులో మాట్లాడాలంటే సిగ్గు. వడ్డించినదాంట్లో మాంసం ఉందో లేదో అడగడానికి కూడా నోరు రాక, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ గదిలోనే తిన్నారట. అదే గదిలో ఉన్న మజ్ముదారు అనే వకీలు, "లాయరుకు నాలుక బాగా ఆడాలి, తప్పులొచ్చినా ఫరవాలేదు, మాట్లాడు" అని మందలించేవాడు. లండనులో దిగాక డాక్టరు ప్రాణజీవన్ మెహతా వచ్చి అక్కడి మర్యాదలు చెప్పాడు. ఒకరి వస్తువు ముట్టుకోకు, గట్టిగా మాట్లాడకు, పరిచయమైన వెంటనే ఆరాలు తీయకు అని. తర్వాత మరో స్నేహితుడు తన దగ్గరే ఉంచుకుని సొంత తమ్ముడిలా చూసుకున్నాడు.

అయితే ఆ స్నేహితుడే మాంసం తినమని కూడా పట్టుబట్టాడు. గాంధీగారు తల్లికి ఇచ్చిన మాట తప్పలేదు. తోటివాడు చెప్పిందల్లా వినాలని లేదు చూడండి! మంచీచెడ్డా చూసుకోవాలి.

ఇక విందుల సంగతి. బల్లకు నలుగురు, నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారా. గాంధీగారు తాగరు. ఆయన వాటా మిగతా ముగ్గురికి దక్కుతుంది కనుక ఆయన్ని తమ బల్లకే రమ్మని విద్యార్థులు పోటీ పడేవారట! పెద్దల బల్ల వేరుగా ఉండేది. వారి నోటి నుంచి నాలుగు మాటలు వినే వీలు లేదు.

పరీక్షలకేమో దగ్గరిదారి ఉండేది. రోమను న్యాయానికి చాలామంది నోట్సు తెచ్చుకుని రెండువారాలు బట్టీ పట్టి రాసేసేవారు. గాంధీగారు మాత్రం డబ్బుపోసి కొన్న పుస్తకాలు చదవకపోవడం మోసమనుకుని, లాటిను నేర్చుకుని మరీ చదివారు. 1891 జూన్ 10న బారిష్టరయ్యారు, 12న ఇంటికి బయలుదేరారు.

అంత చదివినా ఆయనకు గుండె దడే. న్యాయం చదివాను గానీ దావా రాయడం ఎవరు నేర్పారు, మన హిందూ ధర్మశాస్త్రం ఏం తెలుసు అని బెంగ. ఒక మిత్రుడు ఫ్రెడరిక్ పిన్‌కట్ అనే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆయన నవ్వి, అందరూ ఫిరోజ్‌షా మెహతాలు కానక్కర్లేదు, నిజాయితీ, కష్టపడే గుణం ఉంటే బతుకు గడుస్తుందని ధైర్యం చెప్పాడు. అయినా బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసుకు లేచి నిలబడేసరికి తల తిరిగింది, ప్రశ్న నోటికి రాలేదు. ముప్ఫై రూపాయల ఫీజూ తిరిగి ఇచ్చేసి బయటికి వచ్చేశారు. పూర్వంలాగా తోటివారి ముందు పదిసార్లు ఉత్తుత్తి వాదన చేసి ఉంటే అంత అవస్థ పడేవారా? నాకైతే అదే అనిపిస్తుంది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇది. తర్వాత దక్షిణాఫ్రికాలో ఉండగా, 1893-94 ప్రాంతంలో, ఆయన ఓ చిన్న పుస్తకం రాశారు. పేరు గైడ్ టు లండన్. చదువుకు ఎవరు వెళ్ళాలి, ఏం బట్టలు పట్టుకెళ్ళాలి, శాకాహారం తింటూ వారానికి ఒక్క పౌనుతో ఎలా గడపవచ్చు, బారిష్టరు ఎలా కావాలి, అన్నీ పూసగుచ్చినట్టు రాశారు. తను పడ్డ తికమక వెనకవచ్చేవాళ్ళు పడకూడదని! అప్పట్లో అది అచ్చుకాలేదు. తర్వాత ఆయన సంపూర్ణ రచనల్లో చేరింది.

మావాడు తిరిగి కాలేజీకి వెళ్ళాడు. మూడో సంవత్సరం కుర్రాడొకడు రోజూ రాత్రి భోజనాలయ్యాక వాణ్ణి కూర్చోబెట్టుకుని ఒక్కొక్క తీర్పు విడమరిచి చెబుతున్నాడట. నువ్వు అటు వాదించు, నేను ఇటు వాదిస్తానని సరదాగా పోటీ కూడా పెడుతున్నాడట. ఆ తల్లి ఎవరో కానీ, కొడుకును బాగా పెంచింది.

మీ ఇంట్లో లా చదువు పూర్తయిన పిల్లలుంటే, పాత పుస్తకాలు తూకానికి అమ్మేయకండి. కొత్తగా చేరిన వాళ్ళెవరికైనా ఇప్పించండి. ఉత్త నోట్సే ఇచ్చి చేతులు దులుపుకోనివ్వకండి. ఆదివారం పూట ఓ గంట కూర్చుని చెప్పమనండి. కాఫీ మీరు ఇద్దురుగాని.

సెలవు.